ఓడ కింద నిమ్మకాయలు

నది లేదన్న ఒక్క కారణంతో ఒక ప్రాంతానికి ఓడలు లేకుండా చేయడం ఘోరమైన అన్యాయమని జలమార్గాల మంత్రి దేవేంద్ర గారు పుంగనూరు సభలో ప్రకటించారు. ఇంతకాలం ఈ అన్యాయం తమ కంట పడనందుకు జనం సిగ్గుపడి చప్పట్లు కొట్టారు. ‘సీమసాగర్’ క్లాసు సరుకు ఓడ ఒక్కటే వంద లారీల టమోటా మోస్తుందట. దోవలో గుంతలుండవు, టోల్‌గేట్లుండవు, క్రేట్లో కాయ నలగదు.

పెద్దపంజాణి దగ్గర ఓ ఊరి సర్పంచ్ చెంగల్రాయుడు ఆ సభకు ఓడ కోసం పోలేదు. ఊళ్లో బోర్లన్నీ ఎండిపోయాయి. తాగే నీళ్ల కోసం ఆడవాళ్లు బిందెలెత్తుకుని పక్క ఊళ్ల పొలాల్లో తిరుగుతున్నారు. ఎండాకాలం గడిచేదాకా ఒక్క ట్యాంకర్ ఇప్పించమని అడగడానికి పోయాడు.

“ట్యాంకరేందప్పా, అంత చిన్నది అడగతాండావు? మీ ఊరికి రేవే ఇస్తాండాను. నువ్వే చైర్మన్” అని మంత్రిగారు శాలువా కప్పారు.

శాలువా కప్పాక మళ్లీ ట్యాంకర్ మాట ఎత్తితే ఏం బాగుంటుంది? చెంగల్రాయుడు మర్యాద తెలిసిన మనిషి.

ఇంటి దగ్గర భార్య కమలాక్షి ఖాళీ బిందెల మధ్య నిలబడి ఉంది.

“ట్యాంకరు యాడ?”

“ఓడొస్తాండాది.”

“దాంట్లో నీళ్లుంటాయా?”

“దాంట్లో యెందుకుంటాయి? దాని కిందుంటాయి.”

“ఆ కింద నీళ్లు యాడుండాయి?”

“అది ఇంజనీర్లు సూసుకుంటారు.”

ఓడ వచ్చింది. మొత్తం కాదు, ముందు ముక్క. పొడుగాటి ట్రెయిలర్ మీద కూర్చుని, మలుపు మలుపుకూ ఇరుక్కుంటూ, కరెంటు తీగలు తెంపుకుంటూ వచ్చింది. వెనక మదనపల్లె మార్కెట్‌కు పోవాల్సిన టమోటా వ్యాన్లు ఆగిపోయి ఒకటే హారన్లు. రైతులు పలుకుతున్న స్వాగతానికి మంత్రిగారు తమ కార్లోంచే చేతులెత్తి దండం పెట్టారు.

ఊరి బయట ఎండిన కుంటలో ట్రెయిలర్ ఆగింది. పూజారి నిమ్మకాయలు పట్టుకుని ఓడ చుట్టూ తిరిగాడు.

“టైర్లు యాడుండాయి సార్?”

“ఓడకు టైర్లుండవు స్వామీ” అన్నాడు ఇంజనీర్ సాయిప్రసాద్.

“కొత్త బండి నిమ్మకాయ తొక్కకుండా యెట్ల కదుల్తాది? జేసీబీకి కూడా పెట్టినాము.”

ఊరంతా పూజారి పక్షమే. సంప్రదాయమంటే ప్రాణమిచ్చే మంత్రిగారు క్షణంలో దారి చూపించారు. నిమ్మకాయలు ట్రెయిలర్ టైర్ల కింద పెట్టారు. డ్రైవర్ బండిని కాస్త ముందుకు కదిపాడు. కాయలు నలిగాయి. ఓడ ప్రయాణం మొదలైందని మంత్రిగారు ప్రకటించారు. ట్రయల్ రన్ సక్సెస్ అని సాయిప్రసాద్ ధ్రువీకరించాడు.

చైర్మన్ గనుక చెంగల్రాయుడి చేతికి మైకు ఇచ్చారు. అతను నెర్రెలిచ్చిన కుంటను చూశాడు. భుజం మీద మంత్రిగారి చెయ్యి ఉంది. ఎదురుగా టీవీ కెమెరాలున్నాయి.

“ఓడ బ్రమ్మాండంగా నడిసింది. నేను కండ్లారా సూసినా.”

వారం తర్వాత మదనపల్లెలో నీళ్ల ఆఫీసుకు పోయాడు. ట్యాంకర్ల అధికారి నీరజ అతన్ని చూడగానే కుర్చీ వేయించింది.

“మీ ఊరికి ట్యాంకర్ రాదప్పా. ఓడ నడిచిన ఊరిని కరువూరంటే పైవాళ్లు ఒప్పుకోరు.”

“నడిసింది ట్రెయిలరమ్మా.”

“ఓడ నడిచిందని టీవీలో చెప్పింది ఎవరప్పా?”

చెంగల్రాయుడు కుర్చీలోంచి లేచాడు. తన నోటి మీద తనకే అసహ్యం వేసింది. మెట్లు దిగుతుంటే మంత్రిగారి ఫోన్ వచ్చింది.

“చైర్మన్ గారూ, ఎల్లుండి కుప్పంలో రెండో ఓడ. ఈసారి ట్రెయిలర్ వద్దు, నీళ్లమీదనే తేలల్లని పైనుంచి చెప్పినారు. నీ సాయం కావల్ల.”

ఈసారి చెంగల్రాయుడు మర్యాద చూసుకోలేదు. “యేమైనా చేస్తా సార్. ముందు మా ఊరికి ఒక్క ట్యాంకర్ పంపించండి.”

“ఒకటేందప్పా? ఎనిమిది పంపిస్తాండా. పొద్దున్నే మీ ఊళ్లో ఉంటాయి.”

చెంగల్రాయుడికి కళ్లనీళ్లు తిరిగాయి. అక్కడే నిలబడి కమలాక్షికి ఫోన్ చేశాడు.

తెల్లారేసరికి ఊళ్లోని బిందెలన్నీ రోడ్డు మీదికొచ్చాయి. చెప్పినట్టే ఎనిమిది ట్యాంకర్లూ వరసగా వచ్చి ఆగాయి. ముందు బండి డ్రైవర్ కిందికి దిగి, పైపు లాగి భుజాన వేసుకుని, బిందెల వరసకు అటూ ఇటూ చూశాడు.

“మీ రేవు యాడమ్మా? ట్యాంకర్లు బిరీన నింపుకోని కుప్పం పోవల్ల.”