రెండు గంటల పది నిమిషాలు

వడదెబ్బ బాధితుల కోసం పెద్దాసుపత్రిలో ప్రత్యేక విభాగం నిర్మించేందుకు విరాళాలు సేకరించే మహత్తర సంకల్పంతో, ఎండలు నిప్పులు చెరుగుతున్న నెల నడిమధ్యన, ఇరవయ్యొక్క కిలోమీటర్ల హాఫ్ మారథాన్‌ను తాము స్వయంగా ఆసాంతం పరుగెత్తి తీరుతామని ఆరోగ్యశాఖామాత్యులు నిండుసభలో ప్రకటించారు. ఈ ఎండల్లోనే ఎందుకని ఒక విలేకరి అడిగాడు. వడదెబ్బ మీద అవగాహన చలికాలంలో రాదని మంత్రిగారు సెలవిచ్చారు. సభ కరతాళధ్వనులతో దద్దరిల్లింది.

ఆ ప్రకటనా, ఆ జవాబూ మంత్రిగారి పేషీలో అందరూ కవిగారని పిలిచే ప్రసంగ రచయిత రాసినవే. ఆ మాటకొస్తే విలేకరి ప్రశ్న కూడా ఆయనదే.

కవిగారు ఛందస్సు క్షుణ్ణంగా చదువుకున్నవారు. పరుగు గురించి ఆయనకు తెలిసినదంతా వృత్తాల నడక మాత్రమే. ఇరవై రెండేళ్ళలో ఆరుగురు మంత్రులు ఆయన మాటలతో జనాన్ని ఏడిపించారు, నవ్వించారు, మళ్ళీ గెలిచారు. ఇంట్లో మాత్రం ఆయన మాట ఫ్యాను స్విచ్చు దగ్గర కూడా చెల్లేది కాదు. ఆ నెలాఖరుకు ఆయన ఉద్యోగ విరమణ. ఒక్క ఏడాది పొడిగించమని పెట్టుకున్న ఫైలు మంత్రిగారి బల్ల మీద సంతకం కోసం ఎదురుచూస్తోంది. జీతం మీద ఆయనకు అంత మమకారం లేదు. తన వాక్యాన్ని ఇంకొకరి నోట మైకులో వింటే తప్ప తాను బతికి ఉన్నట్టు తోచని స్థితికి ఎప్పుడో చేరుకున్నారు. ఆ సంగతి తలచుకుని తానే సిగ్గుపడేవారు, సిగ్గుపడుతూనే ఫైలు ఎంతవరకు వచ్చిందో కనుక్కునేవారు.

మంత్రిగారి పర్యటన విశేషాలు ముందురోజు సాయంత్రం ఐదింటికే పత్రికలకు చేరాలన్నది పేషీ నియమం. జరగబోయేదాన్ని జరిగిపోయినట్టుగా కవిగారు రాసేవారు. మర్నాడు మంత్రిగారు కాగితం చూసుకుని అక్షరం పొల్లు పోకుండా అలాగే నడుచుకునేవారు. ఒకసారి పొరపాటున 'చిరుజల్లుల నడుమ' అని రాస్తే, ఫైరింజన్ పిలిపించి సభాస్థలి మీద చిరుజల్లులు కురిపించిన క్రమశిక్షణ ఆ పేషీది.

ఈసారీ కవిగారు నోటు రాశారు. మంత్రివర్యులు చెదరని చిరునవ్వుతో రెండు గంటల పది నిమిషాల్లో గమ్యం చేరారని రాశారు. అదేమీ లెక్కగట్టి వేసిన అంకె కాదు. మూడు గంటలంటే వాక్యం కుంటుతోంది, రెండున్నర అంటే చప్పగా ఉంది, అంతే. నోటులో వీరం పొంగిపొర్లుతోంది గాని కరుణ లోపించిందనిపించి, చివర మరో పేరా చేర్చారు. పరుగులో వడదెబ్బ తగిలిన ఒక వృద్ధుణ్ణి మంత్రిగారు ఆసుపత్రిలో పరామర్శించి, 'మీరు ఎంతో చేశారు, ఇక విశ్రాంతి తీసుకోండి' అని ఆప్యాయంగా పలికారు. అన్ని నోట్లకూ చివర ఉండే వాక్యం దీనికీ తగిలించారు: 'ఆ మేరకు తక్షణమే చర్యలు తీసుకోవాలని అధికారులను ఆదేశించారు.'

అలవాటు చొప్పున ఇంట్లో పైకి చదివి వినిపించారు. భార్య బట్టలు మడతపెడుతూ విన్నది.

"ఎవరా ముసలాయన?" అంది.

"ఎవరో ఒకరు దొరుకుతారు. రెండువేలమంది పరుగెత్తుతున్నారు."

"మీరు కూడానా?"

"నాది చప్పట్లు కొట్టే పని. షూ మాత్రం అందరూ వేసుకోవాలట, సర్క్యులర్ వచ్చింది."

"అదీ నయమే. మీరు పరుగెత్తడం నేను పెళ్ళైన కొత్తలో ఒక్కసారి చూశాను. రైలు ఆగే ఉంది, అయినా మీకు అందలేదు."

కవిగారు దీనికి జవాబు రాసుకుని లేరు. కనుక అల్లుణ్ణి అడిగి తెచ్చుకున్న షూ తొడిగి చూసుకున్నారు.

అవి ఒక సైజు పెద్దవి. ముందుభాగంలో పాత పత్రికలు కుక్కి బిగించుకున్నారు. ఆ పత్రికలనిండా ఉన్నది తన రచనలే గనుక, సొంత సాహిత్యం మీద నిలబడ్డ కవి తానొక్కడేనని ఆయన మనసులో అనుకున్నారు.

ఆ పెద్దాసుపత్రి ఉన్న, పరుగు జరిగే పట్నం నాలుగు గంటల ప్రయాణం. మంత్రిగారు చల్లని కారులో వెనక వస్తారు. కవిగారికి దండలు మోసే వ్యానులో చోటిచ్చారు. వ్యానులో ఏసీ ఉంది, అది వెనక పూలకు. ముందు డ్రైవరుకూ కవిగారికీ ఇంజను వేడి. పొద్దెక్కేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. కాసేపు పూల దగ్గర కూర్చోనా అని ఆయన మొహమాటంగా అడిగారు.

"వద్దు కవిగారూ. పూలు వాడితే నా ఉద్యోగం పోతుంది," అన్నాడు డ్రైవరు. "మీరు వాడితే ఎవరూ అడగరు."

ఆరింటికి మొదలు కావలసిన పరుగు, మంత్రిగారు వచ్చాక, తొమ్మిదీ నలభైకి మొదలు కాబోతోంది. రోడ్డు మీద తారు మెత్తబడింది. కవిగారు నీడ వెతుక్కుని చప్పట్లకు సిద్ధపడుతుండగా మంత్రిగారి పి.ఎస్. ఆయన్ను పక్కకు పిలిచారు. చేతిలో చిటికెనవేలంత ప్లాస్టిక్ ముక్క ఉంది. అది మంత్రిగారి చిప్పు. షూ లేసుకు కట్టుకున్న మనిషి మొదట్లోనూ గమ్యం దగ్గరా పరిచిన చాపలు దాటుతుంటే, ఎవరు ఎంతసేపటికి చేరారో పెద్ద తెర మీద దానంతటదే పడుతుందట. నిర్వాహకులు ఈ ముక్క ఇప్పుడే చెప్పారు. నోటు నిన్ననే వెళ్ళిపోయింది. మంత్రిగారు పరుగెత్తేది కెమెరా బండి దాకా, నలభై అడుగులు.

"చిప్పు రెండూ పదికి గమ్యం చేరాలి," అన్నారు పి.ఎస్.

"ఎవరు తీసుకెళతారు సార్?"

"రెండూ పది అని రాసిందెవరు?"

కవిగారు తన వయసు గుర్తుచేశారు. పి.ఎస్. తన మోకాళ్ళ నొప్పి గుర్తుచేశారు. ఆపైన, ఏ శ్రమా లేకుండా, పొడిగింపు ఫైలు ఇవాళ తన బ్రీఫ్‌కేసులోనే ఉందని, మధ్యాహ్నం అయ్యగారు మంచి మూడ్‌లో ఉంటే సంతకం అయిపోతుందని అన్నారు. కవిగారు వంగి లేసు విప్పారు.

జెండా ఊగింది. మంత్రివర్యులు నలభై అడుగులూ అద్భుతంగా పరుగెత్తారు. చూసినవారు మరో పది అడుగులుంటే బాగుండునని అనుకునేలా పరుగెత్తి, కారెక్కారు. కవిగారు మొదటి కిలోమీటరు శార్దూలంలా మొదలుపెట్టి మూడోదానికి తేటగీతికి దిగారు. పద్యానికి నాలుగు పాదాలుంటాయి, యతి దగ్గర ఆగే వీలుంటుంది, తనకు ఉన్నవి రెండు పాదాలు, ఆగే చోటు ఒక్కటీ లేదు. నాలుగో కిలోమీటరు దగ్గర ఇష్టదైవాన్ని తలుచుకున్నారు. ఐదో కిలోమీటరు దగ్గర, ఆ దైవానికి అసలు ఈ నెత్తి మీద సూర్యుణ్ణి సృష్టించే అవసరం ఏమొచ్చిందని అడిగారు. వెంటనే లెంపలేసుకున్నారు. ఆ లెంపలు కూడా చల్లగా లేవు. ఇంకో కిలోమీటరు ఈడ్చుకుంటూ నడిచేసరికి గంటా నలభై నిమిషాలైంది. అక్కడ రోడ్డు వచ్చి ఆయన మొహానికి తగిలింది.

వెనక వస్తున్న పూల వ్యాను ఆగింది. డ్రైవరు దండలు ఒక పక్కకు తోసి, ఆయన్ను వెనక చల్లదనంలో పడుకోబెట్టి ఆసుపత్రికి పోనిచ్చాడు. దారి గమ్యం తోరణం పక్కనుంచే. అక్కడ పి.ఎస్. గడియారం చూస్తూ నిలబడి ఉన్నారు. చెయ్యెత్తి వ్యాను ఆపారు.

"రెండూ ఆరు. ఇంకా నాలుగు నిమిషాలుంది, ఆగు."

"సార్, మనిషి పోయేట్టున్నాడు."

పి.ఎస్. ఒక్క క్షణం మానవతాదృక్పథంతో ఆలోచించారు. కుడికాలి షూ ఊడబీకి తీసుకుని, మనిషిని పోనిచ్చారు. నాలుగు నిమిషాల తరవాత షూను చాప మీదుగా అవతలకు దాటించారు. తెర మీద మంత్రిగారి పేరూ, రెండు గంటల పది నిమిషాలూ వెలిగాయి. విలేకరులు నోటుతో పోల్చి చూసుకుని, పేషీ కచ్చితత్వానికి ముగ్ధులయ్యారు.

ఆసుపత్రిలో వడదెబ్బ విభాగం ఇంకా కట్టలేదు గనుక కవిగారిని వరండాలో పడుకోబెట్టారు. దాని శంకుస్థాపనకు చెక్కించిన పాలరాతి ఫలకం అక్కడే గోడకు చేరగిలబెట్టి ఉంది. ఆ భవనం మొత్తం మీద చల్లగా ఉన్నది అదొక్కటేనని చెప్పి, నర్సు ఆయన వీపును దానికి ఆనించి, చేతికి సెలైన్ ఎక్కించింది.

కళ్ళు తెరిచేసరికి ఫోను మోగుతోంది.

"టీవీలో మీ మంత్రి రెండూ పదికి వచ్చాడట. మీరు రాసిందే చదువుతున్నారు," అంది భార్య. "ముసలాయన దొరికాడా?"

కవిగారు ఒంటికాలి షూ వంక చూసుకున్నారు.

"దొరికాడు," అన్నారు.

ఇంతలో కెమెరాలు వచ్చాయి, వెనక మంత్రిగారు వచ్చారు. స్నానం చేసి, చలువ కళ్ళద్దాలు పెట్టుకుని, అరచేతిలో చీటీతో వచ్చారు. ఒక చేత్తో కవిగారి భుజం పట్టుకుని, చీటీ చూసి, గద్గదస్వరంతో అన్నారు:

"పెద్దాయనా, మీరు ఎంతో చేశారు. ఇక విశ్రాంతి తీసుకోండి."

వాక్యం ఎంత బాగా పలికారు! కవిగారి కళ్ళు చెమర్చాయి. ఆ తరవాత అర్థం తట్టింది.

"అయ్యా, నేను మీ పేషీలోనే..."

మంత్రిగారు చీటీ తిప్పి చూశారు. దీనికి జవాబు అందులో లేదు. భుజం మరోసారి తట్టి, పక్కనున్న పి.ఎస్. వైపు తిరిగి, చీటీలో చివరి పంక్తి చదివారు. "ఆ మేరకు తక్షణమే చర్యలు తీసుకోండి."

పి.ఎస్. తక్షణమే బ్రీఫ్‌కేసు తెరిచారు. ఫైలు పెట్టుకోవడానికి బల్ల లేకపోతే ఫలకం పైఅంచు పనికొచ్చింది. పొడిగింపు నిరాకరించి, విశ్రాంతి మంజూరు చేస్తూ రెండు పంక్తులు ఆయనే రాశారు, మంత్రిగారు సంతకం పెట్టారు. కెమెరాలు దాన్ని కూడా తీశాయి.

అందరూ వెళ్ళాక పి.ఎస్. వెనక్కి వచ్చి, తెల్లకాగితమూ పెన్నూ కవిగారి ఒళ్ళో పెట్టారు. ఇంత పేరొచ్చాక నెలాఖరు దాకా ఎందుకని, వీడ్కోలు సభ రేపే పెట్టమన్నారట అయ్యగారు. ఐదింటికల్లా నోటు పత్రికలకు వెళ్ళాలి.

"నా షూ?" అన్నారు కవిగారు.

"అయ్యగారి షూ అని వేలం వేస్తున్నారు, విరాళాలకు. మీరు రాయండి, మూడూ ముప్పావైంది."

సెలైన్ లేని చేత్తో కవిగారు రాశారు. మంత్రివర్యులు కప్పిన శాలువా రాశారు, పొగడ్తలు రాశారు, కిక్కిరిసిన సభ రాశారు. 'ఆ సభలో కంటతడి పెట్టనివారు లేరు' అని రాసి, చిరుజల్లుల ఫైరింజన్ గుర్తొచ్చి, ఆ వాక్యం కొట్టేశారు.