స్టార్ట్ కాని కారే శ్రీరామరక్ష!

స్టార్ట్ అయ్యే కారు ఇంటికి అరిష్టం!

నవ్వకండి. బాగా ఆలోచించే రాస్తున్నాను. మీ గరాజ్‌లో ఉన్న కొత్త కారునే తీసుకోండి. తాళంచెవి అక్కర్లేదు. బటన్ నొక్కితే చాలు, పిల్లిలా చప్పుడు లేకుండా బయలుదేరుతుంది. బయలుదేరి ఎక్కడికి వెళుతుంది? ఆఫీస్‌కి! సోమవారం పొద్దున్నే మనిషిని ఆఫీస్‌లో దించేసే యంత్రాన్ని మంచిదని ఏ నోటితో అంటారు?

మా గరాజ్‌లో 1968 మోడల్ కారొకటి ఉంది. ఎర్రటిది. రెండే తలుపులు. డాలస్ పక్కనున్న ఈ కాపెల్‌లో మా వీధి మొత్తం వెతికినా అంత అందగత్తె దొరకదు. వేసవిలో కొన్నాను. అమ్మినాయన "కొంచెం మూడీ" అన్నాడు. అంత నిజాయితీపరుణ్ణి నేను టెక్సాస్‌లో ఇంకొకణ్ణి చూడలేదు. మా ఇంటికి అది ఒక ట్రక్కు వీపు మీద కూర్చుని, మహారాణిలా వచ్చింది.

అది మొదలు దాని నడవడిక చూడండి! ఒక్క స్పీడింగ్ టికెట్ లేదు. ఒంటి మీద ఒక్క గీత లేదు. ఎప్పుడూ దారి తప్పలేదు. పెట్రోలు బంకు ముఖం చూడలేదు. మీ ఆటోపైలట్ కార్లకు ఇంత క్రమశిక్షణ ఉందా?

ఇంకా విన్నారా? డాలస్‌లో నడిచే కారున్న ప్రతి తెలుగువాడూ సగం టాక్సీ డ్రైవరే. "అన్నా, మా అత్తగారు ఎయిర్‌పోర్ట్‌లో దిగుతున్నారు, నాలుగే సూట్‌కేసులు" అని ఫోన్ వస్తుంది. అప్పుడు నేను గొంతు కాస్త బొంగురు చేసి "కారు స్టార్ట్ కావడం లేదండీ" అంటాను. అవతలివాడు అయ్యో పాపం అంటాడు. ఫ్రిస్కోలో తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్, ప్లేనోలో మూడో పుట్టినరోజు, ఎవరింట్లోనో పిల్లల కచేరీ... అన్నిటికీ అదే మంత్రం! డ్రైవ్‌వేలో నిక్షేపంలాంటి మినీవ్యాన్ ఉన్న సంగతి ఎవరికీ గుర్తు రాదు. బానెట్ తెరిచి ఉన్న పాతకారు ముందు మనుషుల జ్ఞాపకశక్తి అంతగా చెదిరిపోతుంది.

ఇంతటి వరాన్ని పాడుచేయడానికి మా ఇంట్లోనే ఒక మనిషి నడుం కట్టింది. మా అమ్మాయి హంసిక. పదహారు నిండాయి, లైసెన్స్ చేతికొచ్చింది.

తప్పు నాదే, మాట జారాను. "దీపావళి లోపు నువ్వు దీన్ని స్టార్ట్ చేస్తే కారు నీదే. స్కూల్లో బ్యాండ్ ప్రాక్టీస్‌కి నువ్వే డ్రైవ్ చేసుకుంటూ వెళ్లు. కాకపోతే అమ్మేస్తాను, కాలేజీలో చేరేదాకా నేనే దింపుతాను" అన్నాను.

"డీల్!" అంది. చెయ్యి కూడా కలిపింది.

ఏదో రెండురోజుల మోజు అనుకున్నాను. కాదండీ! వీడియోలు చూసింది. లైబ్రరీ నుంచి లావుపాటి పుస్తకం తెచ్చింది. ప్లగ్గులు మార్చింది, వైర్లు మార్చింది, కాయిల్ మార్చింది. దసరా నాటికి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత ఊడదీసి లోపల పాయింట్లు కూడా కొత్తవి వేసింది. తెలియనివారికి చెబుతున్నాను, పాయింట్లంటే చిటికెన గోరంత ఉండే రెండు లోహపు ముక్కలు. అవి అంటుకుంటూ విడిపోతూ ఉంటేనే ప్లగ్గుల్లో స్పార్క్ పుడుతుంది. ఆలుమగల కాపురం లాంటిదన్నమాట.

నేను పూర్తి సహకారం అందించాను. టార్చ్ పట్టుకున్నాను. తను చూసే చోట కాకుండా కొంచెం పక్కన పట్టుకున్నాను, అంతే!

అన్నీ కొత్తవే. అయినా కారు స్టార్ట్ కాలేదు. సెల్ఫ్ కొడితే గిర్రున తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. దేవుడు మంచివాళ్ల పక్షాన ఉంటాడని మొదటిసారి నమ్మకం కలిగింది.

దీపావళికి ముందు వచ్చే శనివారం. అదే చివరి అవకాశం. ఎదురింటి జితేందర్ చేతిలో కాఫీ కప్పుతో వచ్చాడు. ఆయన క్లౌడ్ ఇంజినీర్. వరంగల్ మనిషి. ప్రపంచంలో ఎక్కడ సర్వర్ పడిపోయినా ఆయన ఫోన్ మోగుతుంది.

"ఏందన్నా ప్రాబ్లమ్? లాగ్స్ చూసిన్రా?"

"ఇది అరవై ఎనిమిది మోడల్ జితేందర్. ఎక్కడ తప్పు జరిగిందో రాసిపెట్టే లాగ్స్ దీనికి ఉండవు."

"లాగ్స్ లేకుండ ఎట్ల డీబగ్ చేస్తరన్నా? సరే, రీస్టార్ట్ చేసి చూసిన్రా?"

హంసిక బానెట్ కింద నుంచి తల బయటపెట్టింది. "అంకుల్, స్టార్టే అవ్వట్లేదు. రీస్టార్ట్ ఎలా చేస్తాం?"

"అది కూడ కరెక్టే" అన్నాడు జితేందర్, కాఫీ తాగుతూ. ఆ తరవాత బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, రూట్ కాజ్, అంటే అసలు కారణం, దొరకాలంటే వారం పడుతుందని తేల్చాడు. వారమా! ఆయన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది. వారానికి దీపావళి దాటిపోతుంది.

"బ్యాటరీ అయి ఉంటుంది" అన్నాను నేను గంభీరంగా.

"బ్యాటరీ వీక్ అయితే సెల్ఫ్ తిరగదు కదా డాడీ! యు నో దట్!"

తెలుసు. కానీ చెప్పి చూడటంలో తప్పేముంది?

హంసిక మళ్లీ డిస్ట్రిబ్యూటర్ మూత తీసింది. తొంగిచూసింది. టార్చ్ నా చేతిలోంచి లాక్కుని ఇంకోసారి చూసింది.

"డాడీ! ఇక్కడ... బొట్టు ఉంది!"

"ఏమిటీ?"

"బొట్టు! పాయింట్స్‌కి ఎవరో పసుపు, కుంకుమ పెట్టారు! హూ డస్ దట్?"

వాకిట్లో కుర్చీ వేసుకుని ఎండకి కాళ్లు చాపుకున్న మా మామగారు పరంధామయ్య గారు పేపరు మడిచారు. తెనాలి నుంచి ఆర్నెల్ల కోసం వచ్చారు. ఏ నేరమూ ఆయన దాచరు.

"నేనే పెట్టానమ్మా. దసరాకి ఆయుధపూజ చేశాను కదూ! బండి మొత్తానికి ఒక్క బొట్టు పెడితే ఏం నిండుతుంది? దీని ప్రాణం ఎక్కడుందే అని నిన్నే అడిగాను. నువ్వే మూత తీసి 'ఇక్కడే తాతయ్యా స్పార్క్ పుట్టేది' అని చూపించావు. నువ్వు చేతులు కడుక్కోడానికి వెళ్లావు. నేను పెట్టేశాను."

"తాతయ్యా! కరెంట్ ఎలా వెళ్తుంది? పసుపు తడిగా పెట్టావు, అది గట్టిగా అయిపోయింది!"

"మరి పొడిగా పెడితే నిలుస్తుందా?"

జితేందర్ కప్పు కింద పెట్టాడు. "అన్నా, రూట్ కాజ్ పసుపు! మా టీమ్‌కి చెప్తే నన్ను లీవ్ మీద పంపుతరు."

చూశారా పాఠకులారా! జర్మనీవాడు దీనికి కారణం కనిపెట్టగలడా? జపాన్‌వాడికి తడుతుందా? ఇంజిన్ గుండెకాయకే బొట్టు పెట్టే జాతి ప్రపంచంలో ఒక్కటే ఉంది!

నేను వెంటనే మామగారి పక్షం చేరాను. "పూజ చేసిన బొట్టు తుడవకూడదమ్మా. అశుభం. దీపావళి పోయాక చూద్దాం."

"ఏమండీ" అంది వంటింటి తలుపు దగ్గర నుంచి మా ఆవిడ శ్రీవిద్య, "పోయిన నెల వ్యాన్‌కి పెట్టిన బొట్టు మీరు కార్ వాష్‌లో కడిగించారు. అప్పుడు లేని అశుభం ఇప్పుడెక్కడిది?"

సొంత ఇంట్లో ఒక ఆడమనిషి ఉంటేనే మగవాడు గెలవలేడు. నాకు ఇద్దరు.

హంసిక లోపలికి పరుగెత్తి గోళ్లు నునుపు చేసుకునే రేకు తెచ్చింది. పాయింట్లను సున్నితంగా రుద్దింది. పసుపు రాలి, లోహం మెరిసింది. ఆ రెండు ముక్కల మధ్య సన్నటి సందు ఉండాలట. కొలవడానికి ఏం దొరుకుతుందా అని చుట్టూ చూసి, నా పర్సులోంచి విజిటింగ్ కార్డు లాగింది. సరిగ్గా అంత మందమే! ఇన్నేళ్ల నా ఉద్యోగ జీవితంలో ఆ కార్డు ఒకరికి పనికిరావడం అదే మొదలు. దాని మీద సీనియర్ ఆర్కిటెక్ట్ అని ఉంటుంది. ఇప్పుడు గ్రీజు అంటుకుని ఆర్కిటెక్ట్ కనిపించడం లేదు.

మూత బిగించింది. సీట్లో కూర్చుంది. తాళంచెవి తిప్పింది.

సెల్ఫ్ తిరిగింది. ఒక దగ్గు. నేను కళ్లు మూసుకున్నాను. ఇంకో దగ్గు. ఆ వెంటనే గరాజ్ కప్పు ఎగిరిపోయేంత గర్జన!

"అందుకుంది!" అని పరంధామయ్య గారు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు. "బొట్టు మహిమ!"

జితేందర్ ఈల వేశాడు. శ్రీవిద్య కళ్లు తుడుచుకుంది. పొగకేనట. నేనూ పొగ అనే చెప్పాను.

తలుపు తీసి పక్క సీట్లో కూర్చుని బెల్ట్ పెట్టేసుకున్నాను. మొదటిసారి కదా, పక్కన పెద్దవాళ్లుండాలి.

హంసిక నా వైపు తిరిగింది. చెంప మీద గ్రీజు మరక. "డాడీ... ప్రాక్టీస్ ఉంది, స్కూల్ ఇక్కడే కదా. నేను ఒక్కదాన్నే వెళ్లనా? ప్లీజ్?"

చెయ్యి కలిపిన మాట. బెల్ట్ తీశాను. దిగాను. ఎర్ర కారు వీధి చివర సిగ్నల్ ఇచ్చి మరీ తిరిగింది. తప్పు పట్టడానికి కూడా ఏమీ మిగల్చలేదు.

ఇన్నాళ్లూ స్విమ్మింగ్‌కి దింపాను, కూచిపూడికి దింపాను, మ్యాథ్ క్లాస్‌కి దింపాను, బ్యాండ్‌కి దింపాను. దింపిన ప్రతిసారీ "నేనేమన్నా మీ డ్రైవర్‌నా?" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. వెనక సీట్లోంచి మాత్రం కబుర్లు ఆగేవి కావు. ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, ఏ టీచర్‌కి కోపమెక్కువ, చనిపోయిన చేపలు ఎక్కడికి వెళతాయి... ఇంట్లో గది తలుపు వేసుకునే పిల్ల, కారు తలుపు వేయగానే నోరు తెరిచేది.

అరగంట ఆగి ఫోన్‌లో "చేరావా?" అని మెసేజ్ పెట్టాను. జవాబు వచ్చింది. ఒక బొటనవేలు బొమ్మ.

అంచేత మీ ఇంట్లో పదిహేనేళ్ల పిల్ల ఉండి, ఆమె కోసం కారు చూస్తుంటే, కొనే ముందు నాకు ఫోన్ చేయండి. నా ఎరుకలో ఒక మోడల్ ఉంది. ఎన్ని పుస్తకాలు చదివినా, ఎన్ని వీడియోలు చూసినా కదలదు. నేనే దగ్గరుండి కొనిపిస్తాను.

ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లాలన్నా సరే, పిలవండి. ఈమధ్య మా వ్యాన్‌లో వెనక సీటు ఖాళీగానే ఉంటోంది.