మామగారు పెట్టిన పొగ

ఆ ఉదయం గాలాయన అనుకున్న పనులు మూడే. తొమ్మిదిలోపు క్షవరం చేయించుకోవాలి, పదింటికి మేడ మీది యంత్రంలో ఫిల్టరు మార్చాలి, ఆ తర్వాత మర్నాటి సమావేశానికి చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి. ఆయన అసలు పేరు ఆఫీసు రిజిస్టరులో భద్రంగా ఉంది గానీ ఆ పేరుతో పిలిచే నాథుడు లేడు, ఊరందరికీ గాలాయనే. ఏటిగట్టున గాలిలో కాలుష్యాన్ని కొలిచే కేంద్రానికి ఆయనే అధికారి, ఆయనే గుమాస్తా, ఆయనే కాపలాదారు. కింద ఇల్లు, పైన ఆఫీసు, ఆపైన డాబా మీద యంత్రం. నెత్తిన మూకుడు బోర్లించుకున్నట్టుండే ఆ యంత్రం గాలిని పీల్చి, అందులో దుమ్మూ మసీ ఎంతుందో తేల్చి, పావుగంటకోసారి ఆ అంకెను రాజధానిలోని పెద్దాఫీసుకు తనంతట తానే పంపేస్తుంది.

ఏటికి అవతల వేరే దేశం. మధ్యలో ఒక పాత వంతెన. రెండు గట్ల మీదా భాష ఒకటే, వాన ఒకటే, చలికాలంలో వచ్చే దగ్గు కూడా ఒకటే. పొగ మాత్రం మీదంటే మీదని పన్నెండేళ్లుగా తగువు. ఆ తగువు తీర్చుకోవడానికి రెండు దేశాల డైరెక్టర్లూ మర్నాడు వంతెన మీద కూర్చోబోతున్నారు. అంతకన్నా ముందు కేంద్రాన్ని తనిఖీ చేస్తామన్నారు. చిక్కల్లా ఏమిటంటే, యంత్రం పక్కనే ఉన్న నీళ్లట్యాంకు కింద కందిరీగలు అరచేతి వెడల్పున గూడు కట్టాయి. గాలాయనకు డైరెక్టరంటే ఎంత భయమో కందిరీగలంటే అంతకు రెండింతలు.

"దానికింత ఆలోచన దేనికి అల్లుడూ? నువ్వు వెళ్లి క్షవరం చేయించుకో. నువ్వొచ్చేసరికి ఒక్కటుంటే నా పేరు మార్చుకుంటా," అన్నాడు మామగారు. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరైనవాడు. పచ్చజెండా ఊపడానికి ఏమీ లేక పదేళ్లుగా విలవిల్లాడుతున్నాడు.

"జాగ్రత్త మామయ్యగారూ, యంత్రానికేమీ తగలకూడదు."

"నేను యంత్రాన్ని ముట్టుకుంటేగా!"

ఆ మాట మీద మామగారు అక్షరాలా నిలబడ్డాడు. యంత్రాన్ని ముట్టుకోలేదు. తడిపిన గోనెసంచులు నాలుగు, ఎండుటాకులు రెండు తట్టలు, సైకిలు ట్యూబు ఒకటి తెచ్చి, యంత్రానికి మూరెడు దూరంలో పేర్చి నిప్పంటించాడు.

మంగలి కుర్చీలో గాలాయన తల కుడిసగం పూర్తయి, ఎడమసగం మొదలవుతుండగా జేబులో ఫోను మోగింది. అవతల డైరెక్టరుగారు. కింది ఉద్యోగులంతా ఆయన్ని చాటుగా ఉరుము అంటారు. మెరుపు ఎప్పుడూ ఎవరూ చూడలేదు.

"దొరికారయ్యా అవతలివాళ్లు! ఇన్నాళ్లకు దొరికారు! మీ యంత్రం తొమ్మిదొందల అరవై చూపిస్తోంది!"

మామూలుగా ఆ అంకె నూట ఇరవై దాటదు. గాలాయన గుండె జారి చెప్పుల్లో పడింది. కత్తెర కింద నుంచే తల తిప్పి కిటికీలోంచి చూశాడు. రెండు వీధుల అవతల తన డాబా మీంచి నల్లటి పొగ రైలింజనులా లేస్తోంది.

"సార్, అది అవతలి పొగ కాదు సార్. మా మామగారు..."

"మీ మామగారికి కూడా తగిలిందా! అయ్యయ్యో. వయసెంత?"

"డెబ్బై రెండు సార్, కానీ ఆయనే..."

"డెబ్బై రెండేళ్ల వృద్ధుడు," అని ఉరుము పక్కనున్న ఎవరికో చెప్పి రాయించడం వినబడింది. "పొగకు తాళలేక... ఆఁ, తాళలేక అని రాయి. ఏమయ్యా, నువ్వు ధైర్యంగా ఉండు. ప్రభుత్వం నీ వెనకుంది!" ఫోను పెట్టేశాడు.

గాలాయన మెడకు కట్టిన గుడ్డతోనే వీధిలోకి పరుగెత్తాడు. ఇంటికి చేరేసరికి, పొగ చూసి ఇరుగుపొరుగువాళ్లు పిలిపించిన అంబులెన్సు గుమ్మం ముందు ఉంది. ఒంటినిండా మసితో, కళ్లు చింతనిప్పుల్లా చేసుకున్న మామగారిని నలుగురు మనుషులు స్ట్రెచరు మీద పడుకోబెట్టి, ముక్కుకు ఆక్సిజన్ తగిలిస్తున్నారు.

"నాకేం కాలేదయ్యా! కందిరీగలకు పొగ పెట్టింది నేనే!" అని మామగారు మాస్కులోంచి అరుస్తున్నాడు.

"పొగ మెదడుకెక్కింది. కందిరీగలు కనిపిస్తున్నాయట," అని నర్సు చీటీ మీద రాసుకుంది.

గాలాయన భార్య మందుల షాపుకి డ్యూటీకని బయల్దేరుతూ, తండ్రిని చూసి, మొగుడి తలను చూసి, ఎవరి గురించి ముందు కంగారుపడాలో తేల్చుకోలేకపోయింది. "ఏమండీ, ఏం చేశారు మా నాన్నని? ఆ జుట్టేమిటి?" అంది. జవాబు కోసం ఆగకుండా అంబులెన్సు ఎక్కేసింది.

గాలాయన డాబా ఎక్కి మంట ఆర్పాడు. కందిరీగలు ఎటో వెళ్లిపోయి అరగంట తర్వాత తిరిగొచ్చి గూటిలో సర్దుకున్నాయి. ఆయన పెద్దాఫీసుకు ఏడుసార్లు ఫోను చేశాడు. ఏడుసార్లూ "సారు మంత్రిగారితో మాట్లాడుతున్నారు" అన్నారు. ఎనిమిదోసారి "మంత్రిగారు అవతలి మంత్రిగారితో మాట్లాడుతున్నారు" అన్నారు.

చిలికి చిలికి గాలివాన అయింది. పది గంటలకు రేడియోలో వార్త. పదిన్నరకు ఊళ్లో బడులన్నీ మూసేశారు. పిల్లలు ఆ పొగకు మనసులోనే దణ్ణం పెట్టుకుని క్రికెట్ ఆడుకోవడానికి ఏటిగట్టుకు చేరారు. పదకొండింటికి అవతలి దేశం ఏటిగట్టున ఉన్న ఎనభై ఇటుకబట్టీలనూ ఆపించేసింది. అన్నిటికన్నా విచిత్రం, పన్నెండేళ్లుగా ప్రతి ఫిర్యాదుకూ "ఆధారాలు చూపండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకునే ఆ ప్రభుత్వం, ఈసారి "జరిగినదానికి చింతిస్తున్నాం. సమావేశం ఈ మధ్యాహ్నమే పెట్టుకుందాం" అని వర్తమానం పంపింది.

గాలాయన కుర్చీలో కూలబడి యంత్రం రాసిన కాగితం తీశాడు. అంకె పక్కనే ఇంకో గడి ఉంది. గాలి ఎటు నుంచి ఎటు వీస్తోందో చెప్పే గడి. ఆ ఉదయమంతా గాలి తమ గట్టు నుంచి అవతలి గట్టుకే వీచింది. తమకు పొగ పంపాలంటే అవతలివాళ్లు దాన్ని సంచిలో మోసుకురావాలి. రెండు ప్రభుత్వాలలోనూ ఇంతమంది ఉండి, ఆ గడి వైపు చూసిన కన్ను ఒక్కటీ లేదు.

చూడాల్సిన మనిషి ఒకావిడ ఉంది. అవతలి కేంద్రం నడిపే ఆవిడ. రోజూ తొమ్మిదింటికి ఫోను చేసి, "అన్నయ్యా, మీ అంకెంత?" అని అడిగేది. ఈయన "చెల్లెమ్మా, మీదెంత?" అనేవాడు. పన్నెండేళ్లుగా గొంతులే తప్ప ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఇవాళ ఆ ఫోను రాలేదు. చెల్లెమ్మకు కోపం వచ్చిందనుకుని గాలాయన తనూ చేయలేదు.

మూడింటికి టోపీ పెట్టుకుని వంతెన మీదికి వెళ్లాడు. మంగలి షాపు కూడా పొగ భయంతో మూసేశారు మరి. వంతెన అవతలి సగమంతా బట్టీల పనివాళ్లు. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, తప్పెవరిదో తెలియకుండానే పని పోయిన జనం. బూడిద చేతులతో ఉన్న ఒక పెద్దావిడ ఇనప కంచె అవతల నుంచి ఆయన్ని పలకరించింది.

"బాబూ, మీరు గాలి ఆఫీసాయనేగా? పచ్చి ఇటుక లోపల పేర్చి ఉంది. బట్టీ మధ్యలో చల్లారితే అంతా పగిలిపోతుంది. ఇంతకీ మా పొగ మీ ఇంటిదాకా వచ్చిందా? నిజం చెప్పండి. వచ్చుంటే మాదే తప్పు."

గాలాయన టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. తిట్టి ఉంటే తట్టుకునేవాడు.

వంతెన మధ్యలో కాపలావాళ్ల గది. బల్లకు అటూ ఇటూ డైరెక్టర్లు. ఉరుము సింహంలా కూర్చున్నాడు. అవతలి డైరెక్టరు, సన్నగా పొడుగ్గా ఉన్న మనిషి, తేలు కుట్టిన దొంగలా నోరు మెదపడం లేదు. ఆయన వెనక కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ ఫైలును గుండెలకు హత్తుకుని నిలబడింది. ఆవిడ దగ్గగానే గాలాయన గుర్తుపట్టాడు. ఆ దగ్గు పన్నెండేళ్లుగా ఫోనులో వింటున్నదే.

"మా అధికారి చెబుతాడు వినండి," అని ఉరుము చేయి ఊపాడు. "చెప్పవయ్యా! నీ కళ్లారా చూసింది చెప్పు. మీ మామగారి సంగతీ చెప్పు."

గాలాయన లేచాడు. ఉద్యోగం పోతుంది. పోతే మామగారితో పాటు రోజంతా ఇంట్లో కూర్చోవాలి. రెండోదే ఎక్కువ భయపెట్టింది. అయినా కంచె దగ్గరి పెద్దావిడ గుర్తొచ్చి టోపీ తీశాడు. సగమే క్షవరమైన తల చూసి గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు.

"సార్, ఆ పొగ మాదే. మా మామగారు కందిరీగలకు పెట్టారు. నేనే పెట్టమన్నాను. పొద్దున్నుంచీ చెబుదామంటే ఎవరూ విననివ్వలేదు. గాలి కూడా మా వైపు నుంచే వీస్తోంది. కాగితంలో ఉంది, చూడండి. పాపం ఆ బట్టీలకు ఇందులో ఏ సంబంధమూ లేదు."

ఉరుము నోరు తెరిచాడు గానీ జీవితంలో మొదటిసారి శబ్దం రాలేదు.

"అన్నయ్యా," అంది కళ్లజోడు ఆవిడ. "మరి ఇవాళ మా అంకె కూడా ఎనిమిదొందల డెబ్బై ఎందుకొచ్చిందో నేనూ చెప్పేస్తాను."

"నువ్వూరుకోమ్మా!" అన్నాడు పొడుగు డైరెక్టరు.

"పొద్దున్నుంచీ ఊరుకునే ఉన్నాను సార్, ఇంక నావల్ల కాదు. అన్నయ్యా, రేపు మీవాళ్లు మా ఆఫీసు కూడా తనిఖీ చేస్తామన్నారు కదా. పొగ గురించి మీ దేశం రాసిన ఫిర్యాదులు పన్నెండేళ్లవి మా బీరువాలో అలాగే ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు. అవి కనబడితే బాగుండదని సారు పెరట్లో వేసి తగలబెట్టించారు. మా యంత్రం పక్కనే. ఆ పొగే మీకు తగిలిందనుకుని హడలిపోయాం. తప్పు కప్పుకోవడానికి, పొగ వాటిదేనన్నట్టు బట్టీలు ఆపించారు."

ఉరుముకు ప్రాణం లేచొచ్చింది. "ఏమిటీ! నా ఉత్తరాలు తగలబెట్టారా? ఒక్కోటి మూడేసి రోజులు ఆలోచించి రాశానండీ!"

"మరి మీ ఇంటి పొగకు మా మంత్రిగారి చేత క్షమాపణ చెప్పించారే!" అని పొడుగాయన బల్ల గుద్దాడు.

ఇద్దరూ లేచారు. అంతలో తలుపు తట్టిన చప్పుడు. బయట రెండు దేశాల పత్రికలవాళ్లు, కెమెరాలవాళ్లు కలిసి నలభై మంది. "ఏం తేల్చారు సార్? పొగ ఎవరిది సార్?" అని కేకలు. డైరెక్టర్లు ఒకరినొకరు చూసుకున్నారు. తలుపు తెరిచి జరిగింది జరిగినట్టు చెబితే, సాయంత్రానికి ఇద్దరి కుర్చీలూ ఖాళీ. పన్నెండేళ్లలో ఆ ఇద్దరికీ ఒకే ఆలోచన రావడం అదే మొదటిసారి.

"ఒప్పందం కుదిరిందని చెబుదామా?" అన్నాడు పొడుగాయన గొంతు తగ్గించి.

"చెబుదాం. కానీ ఒప్పందమేదీ?"

కళ్లజోడు ఆవిడ గుండెలకు హత్తుకున్న ఫైలు విప్పి బల్ల మీద పెట్టింది. గాలాయన దాన్ని చూడగానే పోల్చుకున్నాడు. ఉద్యోగాల్లో చేరిన కొత్తలో, పై అధికారులు చిత్తుప్రతి రాయమంటే, తామిద్దరూ ఆరువారాలపాటు ఫోనులో వాక్యం వాక్యం కూర్చి రాసిన కాగితాలవి. "పొగ ఏటికి రెండువైపులా పుడుతుంది" అన్న మొదటి వాక్యం దగ్గరే రెండు ప్రభుత్వాలకూ మింగుడుపడక బీరువాలోకి చేరిన కాగితాలు.

"దీన్ని తగలబెట్టలేదా?" అన్నాడు పొడుగాయన.

"ఇది ఫిర్యాదు కాదుగా సార్. అందుకని పక్కకు తీసి ఉంచాను."

తలుపు మళ్లీ దబదబలాడింది. ఉరుము జేబులోంచి కలం తీశాడు. పొడుగాయన అదే కలం అడిగి పుచ్చుకున్నాడు. రెండు నిమిషాల్లో సంతకాలైపోయాయి. తలుపు తెరుచుకుంది, చేతులు కలిశాయి, కెమెరాలు మెరిశాయి. సాయంత్రం నాలుగున్నరకు బట్టీలు మళ్లీ అంటుకున్నాయి. ఇటుక పగలలేదని కంచె దగ్గరి పెద్దావిడ కబురు పంపింది. ఆసుపత్రివాళ్లు మామగారిని వదిలిపెట్టారు గానీ, కందిరీగల మాట ఎత్తనని ఒప్పుకున్నాకే వదిలారు.

ఆ ఒప్పందంలో చాలా విషయాలున్నాయి. రెండు గట్ల మీదా ఎవరూ చెత్త తగలబెట్టకూడదు, రెండు దేశాలూ కలిసి బట్టీలన్నిటికీ పొగ తక్కువొచ్చే కొత్త గొట్టాలు కట్టించాలి, అప్పటిదాకా పనివాళ్లెవరి పనీ ఆపకూడదు, ఒక దేశం యంత్రాన్ని రెండో దేశం మనిషే చూసుకోవాలి. డైరెక్టర్లిద్దరూ ఆ కాగితాలను వారం తర్వాత తీరిగ్గా చదివి కంగుతిన్నారట గానీ, అప్పటికే అది అమల్లోకి వచ్చేసింది.