కుండీలోకి ఏడుకొండలు

చనిపోయిన మూడో నెలలో, అందరిలాగే, ఏడుకొండలు కూడా తన భార్య ఇంటి పెరట్లో మొలకెత్తాడు. శంఖుపూల తీగగా వచ్చాడు. సత్యవేణి చూడగానే గుర్తుపట్టింది. ఎవరైనా మాట్లాడుతుంటే తల కాస్త ఎడమకి వంచి వినడం ఆయన అలవాటు; తీగ కూడా అలాగే వంగి ఉంది.

ఆ ఊళ్ళో ఇందులో వింతేమీ లేదు. పోయినవాళ్ళు ఎవరింటి పెరట్లో వాళ్ళు మొలుస్తారు, ఇంట్లోవాళ్ళు నీళ్ళు పోస్తారు. పురపాలక సంఘం పట్టించుకునేది ఒక్కటే. ఊళ్ళో పుట్టినవాళ్ళు నేలజాతి. ఎంత పెరిగినా అడిగేవాడు లేడు. వేరే ఊళ్ళో పుట్టినవాళ్ళు చొరబాటు జాతి. వాళ్ళ వేరు నేలని తాకకూడదు, తీగ గోడని తాకకూడదు, కుండీ దాటకూడదు. దాటితే పీకేస్తారు, బాధ్యత ఇంటి యజమానిది.

యజమాని సత్యవేణే. తండ్రి కట్టిన ఇల్లు, ఆమె ఒక్కతే కూతురు, ఏడుకొండలు శ్రీకాకుళం వైపు నుంచి ఇల్లరికం వచ్చాడు. వచ్చినవాడు నోట్లో నాలుక లేనట్టే బతికాడు. అరుగు మీది కుర్చీ మామగారిది కాబట్టి, ఆయన పోయాక కూడా గుమ్మంలో నిలబడే పేపరు చదివేవాడు. కూర్చోమని సత్యవేణి ఎంత పోరినా "మనకెందుకులే" అనేవాడు. అలాంటి మనిషి ఇప్పుడు చూస్తుండగానే కిటికీ ఊచలకి అల్లుకున్నాడు, అరుగెక్కాడు, కుర్చీని మొత్తం కమ్మేశాడు. పొద్దున్నే కిటికీ తీస్తే నీలం పూలు ఆమె చెంపకి తగిలేవి. కాపురం చేసినన్నాళ్ళూ ఆమె ఎదురుచూసిన మనిషి ఇతనే. ఆలస్యంగా వచ్చాడు, అంతే.

ఆ సంతోషంలోనే పొరపాటు చేసింది. మొలక నమోదుకి వెళ్తే గుమాస్తా సొంతూరు అడిగాడు. ఈ ఊరే అనేస్తే తిరగేసి అడిగేవాడెవడూ లేడు. కానీ ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ ఆయన ఊరి పేరెత్తింది లేదు. ఒక్కసారైనా నలుగురిలో వినపడనీ అనుకుని, ఆమె ఆ పేరు గట్టిగా చెప్పింది.

వారం తిరక్కుండా మొక్కల ఇన్‌స్పెక్టరు కృపానందం వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి, తీగకి నమస్కారం పెట్టి, అప్పుడు కత్తెర తీశాడు. సత్యవేణి బతిమాలింది. ఆయన ఇక్కడి నీళ్ళే తాగాడనీ, ఇక్కడే పనిచేశాడనీ, ఇక్కడే పోయాడనీ చెప్పింది. అదంతా నివాసం కిందకి వస్తుంది గాని జాతి కిందకి రాదని అతను ఓపిగ్గా వివరించాడు.

"కుండీలో పెడితే ఈయనకి ఊపిరాడదండీ," అంది.

"అదేటండీ, మీ వీధిలో కుండీలన్నీ ఆడోళ్ళే కదండీ. పెళ్ళై వేరే ఊళ్ళ నించి వచ్చినోళ్ళే. ఊపిరాడట్లేదని ఒక్క అర్జీ రాలేదండి ఇప్పటిదాకా. మగమనిషి కాబట్టి మీకు కొత్తగా ఉందంతేనండి," అన్నాడు కృపానందం.

సత్యవేణి గోడ వారకి చూసింది. అక్కడ కుండీలో వాళ్ళమ్మ ఉంది, పక్క కుండీలో నాయనమ్మ. పెరడంతా కమ్ముకుని మామిడిచెట్టుగా నాన్న ఉన్నాడు. ఇన్నేళ్ళూ రోజూ పొద్దున్నే అమ్మకి చెంబుడు నీళ్ళు పోసింది గాని, సరిపోతుందా అని ఒక్కనాడూ అనుకోలేదు.

తను పోయాక ఆయన ఉన్న కుండీలోనే తనూ మొలవడానికి వీలుంటుందా అని అడిగింది. నేలజాతికి కుండీ వర్తించదని అతను చెప్పాడు. ఇక అడగడానికేమీ మిగల్లేదు. పరాయి చెయ్యి పడకూడదని కత్తెర తనే అందుకుంది. కిటికీ ఊచలు పట్టుకున్న తీగలు ఒక పట్టాన వదల్లేదు. ఇంకొంచెంసేపు ఉండనివ్వాలనిపించింది. అయినా కత్తిరించింది.

కుండీలోకి మార్చాక ఏడుకొండలు మళ్ళీ పూయలేదు. అలాగని వాడిపోనూ లేదు. కిటికీ తీసిన ప్రతిసారీ ఆమె చెంప వెతుక్కునేది, గాలి తప్ప ఏమీ తగిలేది కాదు.

తర్వాతి తనిఖీలో కృపానందం కుండీ చుట్టూ తిరిగి చూసి తృప్తిపడ్డాడు.

"చాలా బాగా సర్దుకున్నారండీ," అన్నాడు.

"మా అమ్మనీ అందరూ అలాగే మెచ్చుకునేవారండీ," అంది సత్యవేణి.