తరగతికి హాజరైన రెండు పాదాలు

ఆనాటి ఉదయం ఆన్‌లైన్ స్పానిష్ తరగతికి హాజరైనవారు, తెర మీద ప్రత్యక్షమైన వరుసలో: మొదట, ఎప్పటిలాగే అందరికంటే ముందు, తరగతి నాయకులైన రిజిస్ట్రారుగారు, తరువాత తడిసిన గొడుగు మడుస్తూ టీచరమ్మ, డ్యూటీ దిగి యూనిఫారంలోనే కూర్చున్న నర్సు, చేతుల పిండి తుడుచుకుంటూ బేకరీ బాబాయి, దుకాణంలో బల్ల మీద ఫోను నిలబెట్టి తాళాల మేస్త్రి, విశేష అతిథిగా, ఈ తరగతులు నడిపే సంస్థ డైరెక్టరు. అందరికంటే చివర, ఎవరూ అనుమతించకుండానే, రెండు పాదాలు.

రిజిస్ట్రారుగారు విశ్వవిద్యాలయంలో ఆ పదవి నిర్వహించి విరమించినవారు. పరీక్ష హాలు గుమ్మంలో ఆయన గొంతు సవరించుకుంటే లోపల కలాలు కూడా చప్పుడు చేయకుండా రాసేవని ప్రతీతి. మెదడుకు తుప్పు పట్టరాదన్న ఉద్దేశంతో స్పానిష్‌లో చేరిన ఆయనకు మొదటి రోజే తల కొట్టేసినట్టయింది. ఒకరు పళ్ళు తోముకుంటున్నారు. ఒకరి వెనక కుక్క మొరుగుతోంది. బేకరీ బాబాయి క్రియాపదాలు వింటూ పిండి పిసుకుతున్నాడు. కొద్ది రోజుల్లోనే రిజిస్ట్రారుగారు ‘తరగతి మర్యాదలు’ రచించి, ఎవరూ అడగకపోయినా అందరికీ పంపి, నాయకత్వం కూడా తామే స్వీకరించారు.

మర్యాదలు మంచివే, అందులో సందేహం లేదు. పిలవనిదే మైకు తెరవరాదు. అడగవలసింది ఉంటే తెర మీది చేతి గుర్తు ఎత్తి నిరీక్షించాలి. ఏదైనా రాయదలిస్తే నేర్చుకుంటున్న భాషలోనే రాయాలి. తన ముఖం తాను చూసుకునేవాడు పాఠం వినడు గనుక ఎవరి బొమ్మను వారు తమకు కనపడకుండా దాచుకోవాలి. మాట్లాడేవారు కెమెరా మీదనుంచి చూపు తిప్పరాదు. ఇంటివారు కనిపించరాదు, వినిపించరాదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇతరుల ఇంట్లో ఏమి కనిపించినా దాని ప్రస్తావన తేరాదు. ఇంటి సంగతులు సభకెక్కించడం ఆయనకు ఎంత గిట్టదంటే, ‘మీ ఇంట్లో ఎవరెవరున్నారు?’ అని టీచరమ్మ పాఠంలో భాగంగా అడిగినప్పుడు, ‘మా ఇంట్లో ఎవరూ లేరు’ అని చక్కని స్పానిష్‌లో జవాబిచ్చారు. పాపం, ఒంటరి మనిషి అని తరగతి జాలిపడింది. జాలిపడుతూనే వెనకాల ‘మ్యూట్ మహారాజు’ అని పేరు కూడా పెట్టింది.

ఆ మర్యాదలను సంస్థలోని తరగతులన్నిటికీ వర్తింపజేయాలా వద్దా అన్నది డైరెక్టరు ఆనాడు తేల్చవలసి ఉంది. అందుకే ఉదయం నుంచి రిజిస్ట్రారుగారు కాలు నిలవక తిరుగుతున్నారు. సరిగ్గా ఆ సమయంలోనే ఆయన భార్య నిచ్చెనతో గదిలోకి వచ్చారు.

“ఏమండీ, అటక మీద రగ్గులు దింపాలి. మధ్యాహ్నానికల్లా చెల్లెలు వచ్చేస్తుంది. కాస్త నిచ్చెన పట్టుకోండి.”

“తరగతి అయ్యాక.”

“అది అయ్యేసరికి మా చెల్లెలు గుమ్మంలో ఉంటుంది. మీ పాఠం మీది, నా పని నాది. చప్పుడు చెయ్యను లెండి.”

“చప్పుడొక్కటే కాదు. నువ్వు కెమెరాలో పడకూడదు. నన్ను పిలవకూడదు. దగ్గొచ్చినా పక్కగదిలోకి పోయి దగ్గాలి. డైరెక్టరు వస్తున్నాడు.”

“అంటే నేను ఉండీ లేనట్టుండాలి.”

“దాన్నే మర్యాద అంటారు.”

“దాన్ని దయ్యం అంటారండీ,” అన్నారు ఆవిడ.

రిజిస్ట్రారుగారు టై ఎంచుకోవడానికి పక్కగదిలోకి వెళ్ళారు. ఆవిడ దుమ్ముకు తలా చెవులూ కలిపి గుడ్డ చుట్టుకుని, నొప్పి మోకాలికి పట్టీ బిగించి, తలుపు పైనున్న చెక్క అటక ఎక్కి, లోపలి మూలకు పాకారు. ఆ అటక ముందుపలక ఎప్పటినుంచో కదులుతోంది. వడ్రంగిని పిలవమని ఆవిడ చెబుతూనే ఉన్నారు, ఆయన వింటూనే ఉన్నారు.

టైతో తిరిగి వచ్చిన రిజిస్ట్రారుగారు కెమెరా సరిచూసుకున్నారు. చిత్రంలో ఒక మూల నిచ్చెన కాలు కనిపించింది. “ఏ పనీ పూర్తి చెయ్యదు,” అని విసుక్కుని, నిచ్చెనను తివాచీ మీదుగా చప్పుడు కాకుండా జరిపి బీరువా పక్కన నిలబెట్టారు. గది తలుపుకు లోపలినుంచి తాళం వేసి చెవి జేబులో వేసుకున్నారు. మర్యాదల ప్రకారం ఫోను ఆపారు, తన బొమ్మ దాచారు, బయటి చప్పుడు చెవిని గాని మైకును గాని చేరనివ్వని పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. బయట ముసురు పట్టి ఉన్నది. కర్టెన్లు మూసిన గదిలో బల్లదీపం ఆయన ముఖాన్ని మాత్రమే వెలిగిస్తోంది. వెనకంతా పల్చని చీకటి.

టీచరమ్మ తరగతి పగ్గాలు ఆయనకు అప్పగించారు. ప్రసంగం మొదలైంది.

మొదట చూసింది నర్సు. రిజిస్ట్రారుగారి తలకు పైన, చీకట్లోంచి ఒక పాదం దిగింది. కాసేపటికి రెండోది దిగింది. సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. నేల లేని చోట నేల కోసం వెతుకుతున్నట్టు గాలిలో అటూ ఇటూ కదిలాయి. అన్నిటికంటే ఘోరం, మడమలు ముందుకూ వేళ్ళు వెనక్కూ ఉన్నాయి.

నర్సు చేతి గుర్తు ఎత్తింది. బేకరీ బాబాయి ఎత్తాడు. టీచరమ్మ కూడా ఎత్తారు. “ప్రశ్నలు చివర,” అంటూ రిజిస్ట్రారుగారు అన్నిటినీ దించేశారు.

నర్సు ఉండబట్టలేక మైకు తెరిచింది. “సార్! మీ ఇంట్లో, మీ వెనకాల…”

“అమ్మా, ఇతరుల ఇంటి గురించి వ్యాఖ్యానించరాదు. అది ఎన్నో నియమమో తమకు తెలుసు.” ఆయన ఒక మీట నొక్కి అందరి నోళ్ళూ కట్టేశారు. ఇక టీచరమ్మకు సైతం మైకు తెరుచుకోదు. తెర నిండా పెదవులు కదులుతున్నాయి. మాట మాత్రం రాదు.

మిగిలింది రాత. అది స్పానిష్‌లో ఉండాలి, తరగతికి వచ్చినవి అయిదే పాఠాలు: ఇల్లు, కుటుంబం, శరీరం, రంగులు, అంకెలు. బేకరీ బాబాయి చెమటలు కక్కుతూ రాశాడు: ‘ఇంట్లో రెండు పాదాలు ఉన్నాయి.’

“బహువచనం సరిపోయింది, భేష్,” అన్నారు రిజిస్ట్రారుగారు.

నర్సు రాసింది: ‘పాదాలు తెల్లవి. స్త్రీ లేదు.’

“విశేషణం బాగుంది. కాని, అమ్మా, స్త్రీ లేకుండా పాదాలు ఉండడం లోకవిరుద్ధం. వాక్యం అందంగా ఉంటే చాలదు, నిజం కూడా కావాలి.”

టీచరమ్మ వేగంగా ఏదో పొడుగు వాక్యం రాశారు. అందులో ‘వెనక్కి తిరిగి చూడండి’ అని ఉన్నది. ఆ క్రియ ఏడో పాఠంలో వస్తుంది. “ఇది మన స్థాయికి మించినది. క్రమం తప్పకుండా నేర్చుకుందాం,” అని ఆయన ముందుకు సాగారు.

చివరికి నర్సు, ముఖం కెమెరాకే అప్పగించి, ఫోను ఒడిలో పెట్టుకుని మిగతా ముగ్గురినీ లైనులోకి లాగింది.

“చూశారా బాబాయ్? మడమలు ముందుకున్నాయి!”

“చూడకేం, ఇందాకటి నుంచి కళ్ళు మూసుకుని చూస్తున్నా! మా నాయనమ్మ చెప్పేది, వాటికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని.”

“ఇంట్లో ఎవరూ లేరని సారే చెప్పారు కదా,” అన్నారు టీచరమ్మ వణుకుతూ. “నేనే రెండుసార్లు చెప్పించాను. ఉచ్చారణ కోసం.”

ఈలోగా పాదాలు పైకి పోయాయి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అవి మళ్ళీ దిగాయి. ఈసారి వేళ్ళు ముందుకు ఉన్నాయి.

“ఓరి నాయనో, మనవైపు తిరిగింది!” అని బాబాయి కూత పెట్టాడు.

ఆ పాదాల వెంట ఒక నల్లని ఆకారం చీకట్లోంచి జారి మంచం మీద మెత్తగా కూలింది. అది రగ్గు. తరువాత పొడుగాటి మఫ్లరొకటి మెల్లగా దిగి, రిజిస్ట్రారుగారి బట్టతలకు జానెడు ఎత్తున ఊగసాగింది. పైన ఆయన భార్య “ఏమండీ” అని గొంతు చించుకుంటూ, కనీసం మఫ్లరుతోనైనా భర్తను తట్టాలని పాట్లు పడుతున్నారు. ఒక ఊపుకు అది ఆయన మెడను నిమిరింది. రిజిస్ట్రారుగారి వెన్నులో సన్నగా చలి పాకింది. మాట్లాడేవారు చూపు తిప్పరాదు గనుక, ఈగను తోలినట్టు చెయ్యి విసిరి ఊరుకున్నారు. కాని అప్పుడే ఆయన ఒకటి గమనించారు: తెర మీద ఒక్కరూ తన ముఖం వైపు చూడడం లేదు. అందరి చూపులూ తన నెత్తికి కొంచెం పైన, ఒకేచోట నిలిచి ఉన్నాయి.

“నర్సక్కా,” అన్నాడు అంతదాకా నోరు విప్పని తాళాల మేస్త్రి, “కుడి మోకాలికి అదేంటి, పట్టీయా?”

నర్సు కళ్ళు చికిలించింది. “అవును… నీక్యాప్. మా వార్డులో పెద్దవాళ్ళకి వేస్తాం.”

“దయ్యాలకి కూడా మోకాళ్ళ నొప్పులుంటాయా?”

అంతలోనే పాదాల పక్కన, అటక అంచునుంచి, సన్నని దుమ్ముధార ఒకటి రాలడం నలుగురూ చూశారు.

“అమ్మో! మనిషే! పలక ఊడిపోతోంది!” అని నర్సు అరిచింది. “ఎవరైనా వెళ్ళండి! ఇల్లెక్కడో ఎవరికి తెలుసు?”

“ఆ గదికి తాళం బిగించింది నేనే. పక్క వీధి,” అంటూ మేస్త్రి అప్పటికే వానలోకి దూకాడు. ఫోను చేతిలోనే ఉంది. తరగతినుంచి బయటికి రావడం ఎలాగో కంగారులో అతనికి తట్టలేదు.

రిజిస్ట్రారుగారు అది చూసి కనుబొమలు ముడిచారు. కెమెరా కదలరాదు, మేస్త్రి గడిలో వీధులు పరుగెడుతున్నాయి. మందలించబోయి ఆగారు. ఒక గేటు కనిపించింది. అలాంటి గేటు తమకూ ఉన్నది. చెల్లెలి కోసం వారగా వేసి ఉంచిన వీధి తలుపు కనిపించింది. తరువాత వసారా, వసారాలో తన చేతికర్ర. ఆయన ప్రసంగం ఒక వాక్యం మధ్యలో ఆగిపోయింది. మూసిన తలుపొకటి తెర నిండా వచ్చి నిలిచింది. ఏదో సన్నని పనిముట్టు తాళంలో తిరిగింది. ఏ చప్పుడూ లేకుండా తలుపు తెరుచుకుంది.

లోపల చీకటి గది. ఎదురుగా చిన్న దీపం. దీపం ముందు, ఇటు వీపు పెట్టి, ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. అతని తలపైన గాలిలో రెండు పాదాలు ఊగుతున్నాయి.

రిజిస్ట్రారుగారు అప్రయత్నంగా తన తల తడుముకున్నారు. తెర మీది ముసలాయన కూడా తల తడుముకున్నాడు.

ఆ తరువాత వెలువడిన కేక ఏ భాషకూ చెందినది కాదు. ఆయన కుర్చీతోసహా వెనక్కి తిరిగారు. హెడ్‌ఫోన్లు ఊడి పడ్డాయి. ఇంటి గొంతు తొలిసారిగా తరగతికి వినిపించింది.

“ఇప్పటికి తిరిగారా మహానుభావా! నిచ్చెన ఏదండీ?”

“నేనే… తీశాను.”

“ఎందుకూ?”

“కెమెరాలో పడుతోంది.”

“నేను కింద పడబోతున్నా, ముందు అది చూడండి!”

పలక కిర్రుమంది. మేస్త్రి ఫోను మంచం మీదికి విసిరి, ఒక్క అంగలో వచ్చి పలకకు కింద రెండు చేతులూ ఆనించాడు. రిజిస్ట్రారుగారు కోటూ టైతో గోడకు చేరగిలబడి వంగారు. “ఇక్కడ పెట్టు కాలు. నా భుజం మీద. ఊఁ, పెట్టు!”

“టై నలుగుతుందేమో?”

“నలగనీ!” అన్నారు ఆయన. దుమ్ములో మునిగిన రెండు పాదాలూ ఆయన భుజాల మీదికి, అక్కడినుంచి కుర్చీ మీదికి, నేల మీదికి దిగాయి. ఆయన ఆవిడ చెయ్యి వదల్లేదు. తెర మీద బేకరీ బాబాయి కళ్ళు తుడుచుకుంటూ, ఎవరూ అడగకుండానే, శుద్ధమైన స్పానిష్‌లో రాశాడు: ‘పాదాలకు స్త్రీ ఉంది.’

మేస్త్రి బల్ల మీది కంప్యూటరు మీట నొక్కి అందరి నోళ్ళకూ కట్టు విప్పాడు.

“అమ్మా, మోకాలు ఎలా ఉంది? దెబ్బ తగల్లేదు కదా?” అంది నర్సు.

“బాగానే ఉన్నానమ్మా.”

“మీ ఇంట్లో ఎవరూ లేరని సార్ చెప్పారు, లేకపోతే మేం ఎప్పుడో…”

“ఎవరూ లేరని చెప్పారా?” అన్నారు ఆవిడ, చాలా నెమ్మదిగా.

ఆ ఉదయం జరిగినవాటన్నిటిలోనూ అత్యంత భయంకరమైనది ఆ తరువాతి నిశ్శబ్దం. దాన్ని ఛేదించినవారు, అంతవరకు రెప్ప వేయకుండా కూర్చున్న డైరెక్టరు.

“రిజిస్ట్రారుగారూ, ఆ పాదాలు నాకూ మొదటినుంచీ కనిపిస్తున్నాయి. అయినా మీ తరగతిలో ఒక్కరూ స్థానం వదల్లేదు, గోల చెయ్యలేదు. ఇంత క్రమశిక్షణ నేనెక్కడా చూడలేదు. మీ మర్యాదలు రేపటినుంచే అన్ని తరగతుల్లోనూ అమలుచేస్తాం. అభినందనలు!”

రిజిస్ట్రారుగారు ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ బతికారు. ఆయన తెరను చూశారు. తరువాత, తన చేతిలో ఇంకా ఉన్న, దుమ్ము పట్టిన ఆవిడ చేతిని చూశారు.

“వద్దండి. వాటిని ఉపసంహరించుకుంటున్నాను.”

“అదేమిటి? ఎందుకని?”

“అవి అమలైతే ఎలా ఉంటుందో ఇప్పుడే వెనకనుంచి చూశాను.”

అనంతరం రిజిస్ట్రారుగారు నిలబడి ప్రతిపాదించిన తీర్మానం ఇది: పిలవనిదే కదిలి, సెలవు తీసుకోకుండా తరగతి విడిచి, పరుల ఇంటి తలుపు తట్టకుండా తెరిచి, లోపల కనిపించినదానిని నలుగురికీ చూపించిన తాళాల మేస్త్రికి, ఆ సమస్త మర్యాదోల్లంఘనకు గాను, ఈ తరగతి తన హృదయపూర్వక కృతజ్ఞతలను నమోదు చేయుచున్నది. తీర్మానం నెగ్గింది గాని ఏకగ్రీవం కాలేదు. అప్పుడే తుడిచిన నేల మీదికి బురద బూట్లతో వచ్చాడన్న కారణం చేత రిజిస్ట్రారుగారి భార్య తటస్థంగా ఉండిపోయారు.