నెమునాకి మైనస్ అయిదొందలు

శనివారం పొద్దున తొమ్మిదింటికి ఫింటన్ మెకార్డిల్ తన పందేల కొట్టు తలుపు తీసి, తడిగుడ్డతో నల్లబల్లని శుభ్రంగా తుడిచాడు. కొట్టు తన చేతికొచ్చిన ఈ ముప్పై ఎనిమిదేళ్లలో ఆ బల్ల మీదికి గుర్రాలు, పరుగు కుక్కలు, ఆదివారం జిల్లా ఫుట్‌బాల్ తప్ప మరొకటి ఎక్కలేదు. ఇవాళ బాస్కెట్‌బాల్ ఎక్కబోతోంది.

కారణం లేకపోలేదు. ఐర్లాండులోని ఆ కిల్‌డర్రా ఊరి చుట్టూ ఉన్నవన్నీ పుట్టగొడుగుల ఫారాలు. వాటిలో పనికి వచ్చిన లిథువేనియా వాళ్లు ఇప్పుడు ఊళ్లో ప్రతి అయిదుగురిలో ఒకరు. గుర్రమంటే వాళ్లకి లెక్కలేదు, బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం. రోజూ కొట్టు ముందు నుంచి నడిచిపోతారే గాని ఒక్కరూ లోపలికి తొంగిచూడరు. ఎదురుగా ఒక పెద్ద కంపెనీ వాడు పదహారు టీవీలు పెట్టి కొత్త పందేల కొట్టు తెరిచాక, ఫింటన్ దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది వాన తగ్గేదాకా నిలబడడానికి వస్తున్నవాళ్లే.

"ఆ ఆటలో ఎంతమంది ఆడతారో తెలుసా నీకు?" అని అడిగింది అట్రాక్టా. ఆవిడ ఫింటన్‌కి అక్క. గల్లాపెట్టె, చీటీలు, టీ కెటిల్ మూడూ ఆవిడ ఏలుబడిలో ఉంటాయి.

"ఎంతమంది ఆడితే మనకేంటక్కా? రెండు జట్లు. అంటే రెండు గుర్రాల పందెం. ఇంతకంటే తేలికేముంది?"

ఆ సాయంత్రం ఆరింటికి లిథువేనియాలోని కౌనస్‌లో నెమునా జట్టుకీ షిలాస్ జట్టుకీ ఫైనల్. రేటు కోసం ఎదుటి కొట్టు బల్ల చూడడం ఫింటన్‌కి నామోషీ. అందుకని లిథువేనియా వాళ్ల సరుకుల దుకాణంలో ఉప్పుచేపలు కొని, అవి చుట్టి ఇచ్చిన కౌనస్ పత్రికని జాగ్రత్తగా విప్పాడు. నెమునా పక్కన 1.20 అని ఉంది. షిలాస్ అంకె చేపనూనెలో కరిగిపోయింది.

ఐర్లాండులో పందేలు కట్టించుకునే బుకీకి రేటంటే లాభం మాత్రమే. అయిదు కాస్తే ఆరు లాభమా, నాలుగు లాభమా అన్నదే లెక్క. కాసిన సొమ్ము ఎలాగూ వెనక్కి వస్తుంది. కౌనస్ వాడు అలా రాయడు. కాసిన యూరోని కూడా కలిపి, చేతికి ఎంత వస్తుందో ఆ మొత్తం రాస్తాడు. 1.20 అంటే యూరో కాస్తే లాభం ఇరవై సెంట్లు. ఫింటన్‌కి మాత్రం అది యూరోకి యూరో ఇరవై లాభంగా కనిపించింది. బల్ల మీద "నెమునా: అయిదుకి ఆరు" అని గుండ్రంగా రాశాడు. లాభం ఆరు రెట్లు పెరిగిపోయిందని ఆ సుద్దముక్కకీ తెలియదు, అతనికీ తెలియదు.

"ఒక్క కాగితం నమ్మితే ఎలా? డెక్లన్‌ని కూడా అడుగు" అంది అట్రాక్టా.

డెక్లన్ వాళ్ల పిన్ని కొడుకు. బోస్టన్‌లో రాత్రి డ్యూటీ బస్సు నడుపుతాడు. మెసేజ్ పెట్టిన పది నిమిషాలకి జవాబొచ్చింది: "నెమునా −500, షిలాస్ +375. నిద్రొస్తోంది, మళ్లీ మాట్లాడతా."

ఫింటన్ ఫోన్‌ని దూరంగా పట్టుకొని చదివాడు, దగ్గరగా పట్టుకొని చదివాడు.

"చూశావా అక్కా! నెమునాకి మైనస్ అట. అదీ అయిదొందలు! అమెరికా వాళ్ల లెక్కలో ఆ జట్టు పాతాళంలో ఉందన్నమాట. షిలాస్‌కేమో ప్లస్!"

"పాపం, దెబ్బలేమైనా తగిలాయేమో."

అమెరికాలో మైనస్ అంటే గెలిచే జట్టని, వంద లాభం రావాలంటే అయిదొందలు కాయాలని చెప్పాల్సిన డెక్లన్ అప్పటికే బస్సు డిపోలో పెట్టి ముసుగుతన్నాడు. కౌనస్ వాడూ బోస్టన్ వాడూ చెప్పింది ఒకే మాట. ఫింటన్ మాత్రం ఇద్దరూ కొట్టుకుంటున్నారనుకుని, మధ్యవర్తిలా ఆలోచించి, నెమునా రేటుని ఒకటికి రెండు చేశాడు.

పదకొండింటికి మొదటి గిరాకీ వచ్చింది. పేరు అల్దోనా, పుట్టగొడుగుల ఫారంలో ఆడవాళ్ల షిఫ్టుకి పెద్ద. బల్ల చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఫింటన్ గారూ, ఆ రేటు నెమునాదేనా?"

"నెమునాదేనమ్మా."

"మా నెమునాదేనా? కౌనస్ నెమునాదేనా?"

"ఊళ్లో ఇంకో నెమునా ఉందా ఏంటి?"

"అంతేనా మరి?" అంది ఆవిడ నోరు తెరిచి.

ఆ ప్రశ్న విని ఫింటన్‌కి చెమటపట్టింది. మొదటి గిరాకీ, రేటు చాలక వెనక్కి పోతోంది! "అక్కా, ఈవిడ బేరం ఆడుతోంది" అని గొణిగి, సుద్ద తీసి ఒకటికి రెండున్నర రాశాడు. అల్దోనా వెంటనే చేతిలో ఉన్న యాభై యూరోలూ కాసి, చీటీ పుచ్చుకొని, బయటికి వెళ్లి ఫోన్ చెవిన పెట్టుకుంది.

ఆ తర్వాత జరిగిందాన్ని కిల్‌డర్రా ఇప్పటికీ చెప్పుకుంటుంది. అరగంటలో కొట్టు నిండింది. గంటకి వరస తపాలా ఆఫీసు దాటింది. ఫారాల వ్యాన్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగాయి. పక్క జిల్లా నుంచి బస్సు కట్టించుకొని వచ్చారు. వరసలో ఉన్నవాళ్లు పాటలందుకున్నారు. గొడవేమోనని వచ్చిన పోలీసు కానిస్టేబులు సంగతి కనుక్కొని, టోపీ తీసి చంకలో పెట్టుకొని, వరస చివర నిలబడ్డాడు. ఎదుటి కొట్టు మేనేజరు పదహారు టీవీల మధ్య ఒంటరిగా కూర్చొని అద్దంలోంచి చూస్తూ ఉండిపోయాడు.

"చూశావా, ముప్పై ఎనిమిదేళ్ల అనుభవం!" అన్నాడు ఫింటన్. ఆ ఊపులో హామ్ శాండ్‌విచ్‌లు తెప్పించి వరసలో అందరికీ పంచిపెట్టాడు.

"అనుభవం సరే. షిలాస్ మీద ఒక్కడు కూడా కాయలేదేంట్రా?" అంది అట్రాక్టా, చీటీలు రాసీ రాసీ వేళ్లు విరుచుకుంటూ.

"దేశాభిమానం అక్కా. గుండెతో కాస్తారు వీళ్లు."

మూడింటికి డెక్లన్ నిద్రలేచి ఫోన్ చేశాడు. "ఏం అన్నయ్యా, రేటెంత పెట్టావు?" అన్నాడు. ఫింటన్ గర్వంగా చెప్పాడు. తర్వాత డెక్లన్ మెల్లగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు, మైనస్ సంగతి చెప్పాడు. చేపకాగితం సంగతి కూడా విని దాని అర్థం కూడా చెప్పాడు.

అట్రాక్టా పెన్సిలు తీసింది. వచ్చిన పందేలు పదకొండు వేలు. నెమునా గెలిస్తే చెల్లించాల్సిన లాభం ఇరవై ఏడువేల అయిదొందలు. "పోనీ ఎదుటి కొట్లో మనమే నెమునా మీద కాస్తే?" అన్నాడు ఫింటన్.

"అక్కడ అయిదుకి ఒకటి లాభం. ఇదంతా పూడాలంటే లక్షా ముప్పైయేడు వేల అయిదొందలు కాయాలి. నీ జేబులో ఉన్నాయా?"

"కొట్టు అమ్మినా రావు."

"అమ్మాల్సింది మాత్రం కొట్టే. నాన్న బల్ల మీద రాసిన రేటు ఎప్పుడూ చెరపలేదు, ఫింటన్."

"చెరపనక్కా. అడుగుతాను. అడగడం తప్పు కాదుగా?"

అయిదింటికి లిథువేనియా వాళ్లంతా చర్చి హాల్లో పెద్ద తెర ముందు చేరారు. వెల్లుల్లి రాసి వేయించిన రొట్టెముక్కల వాసన వీధిలోకి వస్తోంది. ఫింటన్ పందేల డబ్బంతా ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టుకొని లోపలికొచ్చాడు. వెనకాలే అట్రాక్టా, తమ్ముణ్ణి ఒంటరిగా పంపడం ఇష్టం లేక. ఫింటన్ తెర ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"తప్పు నాది. ఆ రేటు నాకు అర్థం కాక రాశాను. నెమునా గెలిచి మీరు చీటీ తెస్తే మాట తప్పను, చివరి సెంటు దాకా ఇస్తాను. కానీ అందుకోసం మా తాత పెట్టిన కొట్టు అమ్మాలి. ఎవరైనా మనసొప్పి చీటీ వెనక్కిస్తే, వాళ్లు కాసింది ఇందులో ఉంది, తీసుకోండి. ఇష్టం లేకపోతే మానేయండి. నేనేమీ అనుకోను."

"మూడుసార్లు అడిగానుగా ఫింటన్ గారూ, నెమునాదేనా అని!" అంది అల్దోనా.

"బేరం ఆడుతున్నావనుకున్నానమ్మా."

హాలంతా గొల్లున నవ్వింది. నవ్వు ఆగాక అసలు గొడవ మొదలైంది. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే విద్మాంతస్ లేచాడు. గుమ్మాలన్నిటికీ తల వంచాల్సినంత పొడుగు మనిషి. "నా కారుకి ఇంజిను కావాలి. గెలిచే పందెం. ఎందుకివ్వాలి?" అన్నాడు. చాలామంది బల్లలు చరిచారు. అల్దోనా అతని ముందుకెళ్లి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"నువ్వొచ్చిన ఏడాది నిన్ను తన వంటింట్లో కూర్చోబెట్టుకొని నీ పన్ను కాగితాలు ఎవరు నింపారు?"

విద్మాంతస్ తన చీటీని చొక్కా జేబులో దోపుకున్నాడు.

"మీ అమ్మ ఆసుపత్రి ఉత్తరం ఎవరు రాశారు? రెండు నెలలు జీతం ఆపిన మేస్త్రీకి ఫోన్ చేసి ఎవరు తిట్టారు?"

అందరూ అట్రాక్టా వైపు తిరిగారు. ఆవిడ తన హ్యాండ్‌బ్యాగు గొళ్లెం వైపు తదేకంగా చూస్తోంది. అల్దోనా తన చీటీ తీసి నాలుగు ముక్కలు చేసింది. విద్మాంతస్ పెద్దగా నిట్టూర్చి, "ఇంజిను ఇంకో ఏడాది దగ్గుతుంది లెండి" అని తన చీటీ డబ్బా పక్కన పెట్టాడు. ఆ తర్వాత వరస కట్టారు, పొద్దుటి కంటే నెమ్మదిగా. కానిస్టేబులు కూడా వచ్చాడు, అందరికంటే ఆఖర్న. ఆట మొదలయ్యేసరికి డబ్బా ఖాళీ. ఫింటన్ ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకొని ఊపాడు. ఎవరో అతని చేతిలో బీరు గ్లాసు పెట్టారు, మెడలో నెమునా జట్టు ఆకుపచ్చ కండువా వేశారు.

మొదటి సగంలో నెమునా పధ్నాలుగు పాయింట్లు ముందుంది. ఫింటన్ అందరికంటే గట్టిగా అరిచాడు. మూడో పావుభాగంలో తేడా ఆరుకి తగ్గింది. ఆఖరి నిమిషంలో సమమైంది. రెండు సెకన్లు మిగిలుండగా షిలాస్ కుర్రాడొకడు సగం మైదానం అవతలి నుంచి, కళ్లు మూసుకున్నట్టుగా బంతి విసిరాడు. అది బుట్ట అంచుకి తగలకుండా వలలోకి దిగింది.

నెమునా ఓడిపోయింది.

తర్వాత ఒక్కొక్క తలా ఫింటన్ వైపు తిరిగింది. తమ జట్టు పోయిన దుఃఖం ఒక పక్క, తమ జీతాలు జేబుల్లోనే ఉన్నాయన్న సంతోషం ఇంకో పక్క. ముందుగా తేరుకున్నవాడు విద్మాంతస్. ఒక్క అరుపు అరిచి ఫింటన్‌ని భుజాల మీదికి ఎత్తేశాడు. హాలంతా అతని పేరుతో దద్దరిల్లింది. పైన ఫింటన్ ఏడుస్తున్నాడు. కిందివాళ్లు అవి ఆనందబాష్పాలనుకున్నారు.

"అక్కా, ఆ పదకొండు వేలూ..." అన్నాడు దించాక.

"చీటీలు వెనక్కి అడక్కపోతే మనవయ్యేవి. నాన్న రేటు చెరపలేదన్నాను. విన్నావా?" అని, రొట్టెముక్క అతని నోట్లో పెట్టింది. "తిను. కొట్టు మిగిలింది."

సోమవారం నుంచి కొట్టుకి గిరాకీ ఆగలేదు. గుర్రాలంటే ఏంటో తెలియనివాళ్లు కూడా ఫింటన్ గారి మొహం చూసి గుర్రాల మీద కాయడం మొదలుపెట్టారు. బాస్కెట్‌బాల్ రేట్లు రాసే పని మాత్రం ఫింటన్ అల్దోనాకి అప్పజెప్పాడు. నెమునా ఎప్పటికీ ఓడదని ఆవిడ గట్టి నమ్మకం కాబట్టి దాని మీద వెయ్యి యూరోలు కాస్తే ఒక్క యూరో లాభం అని రాసింది, ఇంతవరకు ఆ పందెం ఒక్కరూ కాయలేదు.