సిలబస్‌లో లేని గేరు

పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, మన లారీ డ్రైవింగు శిక్షణాలయం ఈ ఏడు కూడా నూటికి నూరు శాతం ఉత్తీర్ణత సాధించింది. అక్కడి లారీకి రివర్సు గేరు విరిగి చాలా కాలమైనా ఈ ఘనతకు ఏ భంగమూ కలగలేదు. బాగు చేయించడం తలనొప్పి వ్యవహారం కనుక ప్రిన్సిపాలుగారు దూరదృష్టితో ఆ గేరును సిలబస్ నుంచే తీసేశారు. ముందొక గేటు, వెనకొక గేటు పెట్టించారు. లారీ ముందు గేటులోంచి వెళ్లి, ఊరంతా చుట్టి, వెనక గేటులోంచి లోపలికి వస్తుంది. పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరు కూడా అక్కడే చదువుకున్నాడు కాబట్టి ఆయనకు ఇందులో వింతేమీ కనిపించలేదు.

ఈ విద్యాలయంలో మన లిఫ్టాయన కూడా చేరాడు. ఒక పెద్ద ఆఫీసులో లిఫ్టు నడిపేవాడు. ఎవరి మీట వాళ్లే నొక్కుకునే లిఫ్టు వచ్చాక నడివయసులో ఉద్యోగం ఊడి, దర్జీ పని చేసే అక్క దుకాణం వెనక గదిలోకి చేరాడు. అక్క తన రెండు కుట్టుమిషన్లలో ఒకటి అమ్మి తమ్ముడి ఫీజు కట్టింది. ఇక ఆమెకు మిగిలింది ఒక మిషను, ఆ దుకాణం, ఈ తమ్ముడు.

మొదటిసారి లారీ సీటెక్కినప్పుడు లిఫ్టాయన స్టీరింగును రెండు చేతులా వాటేసుకున్నాడు. ఎత్తు అతనికి కొత్త కాదు. ఇన్నేళ్లు నాలుగు గోడల మధ్య గడిపినవాడికి ఎదురుగా అంత రోడ్డు కనిపించడం కొత్త. క్లచ్చు తొక్కాలంటే సీటులోంచి సగం లేవాలి. గేరు మార్చినప్పుడల్లా ఎవరో వీపు మీద చరిచినట్టు లారీ ముందుకు తూలేది. కొన్నాళ్లకు చెయ్యి తిరిగింది గానీ ఒక అనుమానం మాత్రం పీకుతూనే ఉంది. ఎక్కినవాడు దిగాలి అన్నదొక్కటే కదా లిఫ్టు అతనికి నేర్పిన చదువు.

"సార్, ఎప్పుడైనా వెనక్కి రావాల్సొస్తే?" అని అడిగేశాడు.

ప్రిన్సిపాలు జాలిగా చూశారు. "ఎందుకొస్తుందయ్యా? మన దగ్గర నేర్చుకుని ఎంతమంది వెళ్లారు, ఒక్కడైనా వెనక్కొచ్చాడా?"

ఒక్కడూ రాలేదన్న మాట నిజమే. లిఫ్టాయన సిగ్గుపడి మళ్లీ క్లచ్చు తొక్కాడు.

ఉద్యోగం దొరికింది. కొత్త లారీ, నిండా ఇనుప బీరువాలు. తిన్నగా గోదాముకు వెళ్లాల్సినవాడు, ఒక్క నిమిషం అక్కకు చూపించి పోదామని తమ సందులోకి తిప్పాడు. మిషను అమ్ముకున్న మనిషికి ఆమాత్రం చూపించకపోతే ఎలా? సందు చివర అక్క దుకాణం, ఆపైన దారి లేదు. లారీ మూతి గుమ్మానికి మూరెడు దూరంలో ఆగింది. అక్క మెడలో టేపుతో బయటికొచ్చి కళ్లనిండా చూసుకుంది.

"ఎంత పెద్దదిరా ఇది. సరే, ఇక బయల్దేరు, ఆలస్యమవుతుంది" అంది.

అప్పుడు గుర్తొచ్చింది లిఫ్టాయనకు.

కాసేపట్లో సందు కిక్కిరిసింది. ప్రిన్సిపాలు వచ్చారు, కౌన్సిలరు వచ్చారు, ఆయనకంటే ముందే మైకు వచ్చింది. దుకాణం కూలిస్తే అవతల పెద్ద రోడ్డు ఉందని ఇంజినీరు కనిపెట్టాడు. ముందు చోటు లేక లారీ వెనకే సభ పెట్టారు.

"ఇక్కడ లారీ ఇరుక్కుందని గిట్టనివాళ్లు అంటున్నారు" అన్నారు కౌన్సిలరు. "ఇరుక్కున్నది లారీ కాదు, మన అభివృద్ధి. దానికి దారివ్వడానికి ఈ సోదరి తన దుకాణాన్ని సంతోషంగా త్యాగం చేస్తున్నారు."

చప్పట్లు మారుమోగాయి. సోదరిని ఎవరూ అడగలేదు గానీ, అడిగితే సంతోషంగానే ఒప్పుకునేదని అందరికీ నమ్మకం. గునపాలు పట్టుకుని మనుషులు గుమ్మం దగ్గరికి చేరారు.

అక్క లారీ తలుపు పట్టుకుంది. "వచ్చిన దారినే పోరాదట్రా?"

"వెనక్కి పోవడం నేర్పలేదక్కా."

"నా మిషనే వెనక్కి కుడుతుంది. చివర్లో రెండు కుట్లు వెనక్కి వెయ్యకపోతే కుట్టంతా ఊడిపోతుంది. ఇంత బండికి ఆమాత్రం ఉండదా? సరిగ్గా చూడు."

చూశాడు. గేరు పిడి మీద అతనికెవరూ చెప్పని గీత ఒకటుంది. చెయ్యి అటు వెళ్లడం, సభలోంచి కిటికీ పక్కకు వచ్చిన ప్రిన్సిపాలు కంటపడింది.

"సిలబస్‌లో లేనిది బండిలో ఉన్నా లేనట్టేనయ్యా" అని హెచ్చరించారు.

గునపం మొదటి దెబ్బ గుమ్మం మీద పడింది. లోపల ఉన్న ఒక్క మిషను లిఫ్టాయన కళ్లలో మెదిలింది. ఏమైతే అయిందని గేరు లాగాడు.

లారీ వెనక్కి కదిలింది. అక్క గోడకు అతుక్కుంటూ వెళ్లి, "రానీ, రానీ. ఎడమపక్క బెత్తెడుంది, రానీ" అని కేకేస్తూ దారి చూపింది. కౌన్సిలరు మైకు వదలకుండానే వెనక్కి నడిచారు. ఇంజినీరు, ప్రిన్సిపాలు, సభికులు అందరూ క్రమశిక్షణతో వెనక్కి నడిచి సందు బయటికి చేరారు. ఎవరి గోడా ఒరుసుకోలేదు. కూల్చివేత చూద్దామని పనులు మానుకుని వచ్చినవాళ్లు ఉసూరుమంటూ ఇళ్లకు పోయారు.

నిండు సభ ఎదుట వెనక్కి వెళ్లిన నేరానికి లిఫ్టాయన లైసెన్సు రద్దయింది. ఇప్పుడు అక్క పక్కన కూర్చుని గుండీలు కుడుతున్నాడు. "పోనీలేరా, గోడ నిలిచింది" అంటుంది అక్క.

అతనితో చదివిన మిగతావాళ్లంతా లారీల మీదే ఉన్నారు. మీ వీధికి కూడా ఎక్కడో ఒక చివర ఉండే ఉంటుంది. ఒకనాడు గుమ్మం ముందు హారను మోగితే కంగారుపడకండి, ముందు సభ పెడతారు. అక్కడ ఏం చెయ్యాలో మీకొకరు చెప్పాలా? ఆ రోజు ఆ సందులో అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మీరే కదా.